యాభై బొమ్మలు, యాభై బొరుసులు

పీసపాటి భానుమూర్తి గారి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రూపాయి బిళ్ల ఉంటుంది. అది ఖర్చుకి కాదు, పాఠానికి. ఏటా జూలైలో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. మొదటి ఏడాది తరగతికి వెళ్లి, ఆ బిళ్లని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "ఇది ఎగరేస్తే ఏం పడుతుంది?" అని అడుగుతారు. లెక్కలంటే భయపడి, లెక్కలు లేని చదువేదో వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడా లెక్కలే ఎదురయ్యేసరికి మొహాలు వేలాడేసిన పిల్లలు బొమ్మ అనో బొరుసు అనో గొణుగుతారు. "ఏది పడుతుందో బ్రహ్మదేవుడికైనా తెలియదు. నూరుసార్లు ఎగరేస్తే ఎలా పడుతుందో మాత్రం నాకు తెలుసు" అంటారాయన. అని, బిళ్లని మళ్లీ జేబులో వేసుకుని, బోర్డు మీద ఒక కొండ గీస్తారు.

ఆ కొండే ఆయన పాఠం. నూరుసార్లు ఎగరేస్తే సరిగ్గా యాభై బొమ్మలే పడాలని ఎక్కడా లేదు. ఒకరికి నలభై ఆరు పడొచ్చు, ఒకరికి యాభై మూడు. నలభైకీ అరవైకీ మధ్య ఏది పడినా ఎవరూ కంగారుపడక్కర్లేదు. సరిగ్గా యాభై పడేది నూటికి ఎనిమిదిమందికే. అందరివీ తెచ్చి పేర్చి చూస్తే మాత్రం నడుమ ఎత్తుగా, అటూ ఇటూ వాలుగా కొండ లేస్తుంది. "పక్కకి జరగడం ప్రకృతి. అందరూ నడిమధ్యే నిలబడితే అప్పుడు అనుమానించండి" అని ముగిస్తారు. చాలా బాగా చెబుతారు. ఇరవయ్యేళ్లుగా చెబుతున్నారు. ఈ ఇరవయ్యేళ్లలో ఒక్కసారైనా ఆ బిళ్లని ఎగరేసిన పాపాన పోలేదు. ఎగరేస్తే బెంచీల కిందికి దొర్లిపోతుందనీ, వంగి వెతుక్కోవడం మేష్టారికి మర్యాద కాదనీ ఆయన అభిప్రాయం.

ప్రయోగశాలలో మొదటి ప్రయోగం కూడా ఇదే. పిల్లలు నాణెం నూరుసార్లు ఎగరేసి, పట్టిక నింపి, రికార్డులో ఎక్కించి ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. రికార్డుల దగ్గర భానుమూర్తి గారు మహా కఠినులు. ఎక్కడైనా కొట్టివేత కనిపించిందా, రెండు మార్కులు కోత. నిజంగా ఎగరేస్తూ రాసేవాడికి ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని రాసేవాడికి ఆ బాధ లేదు. అందుకని పిల్లలందరూ సీనియర్లది చూసే రాస్తారు. ఆ సీనియర్లు వాళ్ల సీనియర్లది చూసి రాశారు. అందరి రికార్డులోనూ బొమ్మలు యాభై, బొరుసులు యాభై. ఈ సంగతి భానుమూర్తి గారికి తెలుసు. తెలిసీ, ముత్యాల్లాంటి దస్తూరీకి ముచ్చటపడి ఇరవైకి ఇరవై వేసేవారు. తరగతి గదిలో ఆయన కొండ చూపించేవారు, ప్రయోగశాలలో అందరూ యాభై మీదే నిలబడ్డ కరెంటు స్తంభానికి సంతకం పెట్టేవారు. రెంటికీ మధ్య వరండా అడ్డం ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది ప్రమాణాల విభాగం రూపంలో వచ్చింది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి పైనుంచి ఒక బృందం వస్తోందని తెలిసి, ఉన్నపళాన అలాంటి విభాగం ఒకటి పుట్టించి, దానికి ఆచార్య కరణం నరసింగరావు గారిని అధిపతిని చేశారు. ఆయనది రసాయనశాస్త్రం. సున్నపు తేటలోకి ఎవరు ఊదినా అది తెల్లబడి తీరాలని ముప్పయ్యేళ్లుగా నమ్మిన మనిషి. కుర్చీలో కూర్చున్న మూడో రోజున సర్క్యులర్ వదిలారు.

"ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయునది ఏమనగా, ఒకే ప్రయోగమునకు వేర్వేరు విద్యార్థులు వేర్వేరు ఫలితములు పొందుచున్నట్లు ఈ విభాగము దృష్టికి వచ్చినది. సత్యము ఒక్కటే గనుక ఫలితము కూడ ఒక్కటే ఉండవలెను. ప్రతి ప్రయోగమునకు ఒక మూల రికార్డును గుర్తించి, దానితో ఏకీభవించని ఫలితమును అక్రమముగా పరిగణించవలెను."

వృక్షశాస్త్రం వాళ్లకి ఆకుల పొడవు కొలిచే ప్రయోగం ఒకటుంది. వాళ్లు రెండు డజన్ల కత్తెరలకి ఇండెంట్ పెట్టారు. మనస్తత్వశాస్త్రంలో జ్ఞాపకశక్తి ప్రయోగానికి మూల ఫలితం ఏడు మాటలని తేలింది. ఎనిమిదో మాట కూడా గుర్తుకొచ్చిన ఒక అమ్మాయి, దాన్ని మరిచిపోయినట్టు రాతపూర్వకంగా హామీ ఇచ్చుకుంది.

నాణెం ప్రయోగానికి మూల రికార్డు ఎక్కడ? ప్రయోగశాల అటెండరు సింహాచలం ఇనప అలమారు అడుగున మోకాళ్లమీద కూర్చుని రెండు రోజులు తవ్వాడు. మూడో రోజు దుమ్ము కొట్టుకుపోయిన అట్ట ఒకటి తుడిచి, నరసింగరావు గారి సమక్షంలోనే భానుమూర్తి గారి చేతిలో పెట్టాడు.

"బాబూ, అన్నిటికన్నా పాతదిదే. ఇందులోంచే మిగతావోళ్లందరూ ఎక్కించుకున్నారు. పేరు సూడండి, తవరిదే!"

తనదే. ఇరవై రెండేళ్ల కిందటిది. లోపల తాను మరిచిపోయిన తన కుర్రతనపు దస్తూరీ, నూరు గళ్ల పట్టిక, ఒక్క కొట్టివేత లేదు. అడుగున ఎర్ర సిరాతో ఇరవైకి ఇరవై. ఆ ఏడాది స్వర్ణపతకం ఆయనకే వచ్చింది.

నరసింగరావు గారు కళ్లజోడు సవరించుకుని పట్టికంతా చూశారు. "అద్భుతము! ఫలితములో లేశమాత్రము చాంచల్యము లేదు. భానుమూర్తి గారూ, తమరు ఈ విశ్వవిద్యాలయపు ఆద్య ప్రామాణికులు" అన్నారు.

ఆ క్షణాన భానుమూర్తి గారు ఒక మాట అనవలసింది. అనలేదు. ఎందుకంటే ఆ మాట గొంతు దాకా వచ్చేసరికి సింహాచలం శాలువా తెచ్చాడు. ఫొటో తీశారు. మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో నాణెం పట్టుకుని నవ్వుతున్న ఆయన బొమ్మ పడింది. మూడేళ్లుగా కదలని ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు ఆ వారంలోనే రెండు బల్లలు దాటింది. ఇరవై రెండేళ్ల కిందటి ముచ్చట, ఇప్పుడు ఎవరడుగుతారులే అని ఆయన తన మనసుకి తానే సర్ది చెప్పుకున్నారు. మనసుకి సర్ది చెప్పడం ఆయన వృత్తే కదా.

అడిగే మనిషి మర్నాడే వచ్చింది. గొర్లె పైడితల్లి అని, చివరి ఏడాది పిల్ల. బొబ్బిలి అవతల పల్లె. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. జిల్లా ఆసుపత్రిలో కౌన్సిలర్ ఉద్యోగానికి అప్పటికే ఎంపికైంది. ఒకటో తారీకున ఎం.ఏ. పాసైన కాగితం చూపించి చేరాలి. మొదటి ఏడాది జ్వరంతో నాణెం ప్రయోగం తప్పిపోయింది కాబట్టి, ఇప్పుడు పూర్తి చేసి రికార్డు సంతకానికి తెచ్చింది.

భానుమూర్తి గారు అలవాటు ప్రకారం చూడకుండానే పెన్ను తీశారు. ఎందుకో చూశారు. పెన్ను ఆగిపోయింది.

"ఇదేమిటమ్మా, యాభై ఏడు?"

"నూరుసార్లు ఎగరేసేను సార్. యాభై ఏడు బొమ్మలు పడ్డాయి."

"నిజంగా ఎగరేశావా?"

పైడితల్లికి ప్రశ్న అర్థం కాలేదు. "ఎగరెయ్యమనే కదా సార్, మాన్యువల్లో రాసుంది?"

"రాసి ఉంటుందమ్మా. రాసినవన్నీ..." అని ఆపి, గొంతు తగ్గించారు. "చూడు, సర్క్యులర్ వచ్చింది. మూల రికార్డులో యాభై ఉంది. ఓ ఏడు బొమ్మల్ని బొరుసులు చేసెయ్. ఎవరి సొమ్మూ పోదు."

"ఎలగ చేస్తాను సార్? పడిపోయేయి కదా."

"పడ్డవి పడ్డాయి. రాతలో..."

"అందరూ నడిమధ్యే నిలబడితే అనుమానించమని మీరే చెప్పేరు కదా సార్. నోట్సులో రాసుకున్నాను. పక్కకి జరగడం ప్రకృతి అని కింద గీత కూడా గీసేను."

ఇరవయ్యేళ్లుగా చెబుతున్న పాఠాన్ని ఎవరో విన్నారని భానుమూర్తి గారికి మొదటిసారి తెలిసింది. ఎంతో సంతోషించవలసిన ఘడియ. ఆయన మాత్రం ఏం చెయ్యాలో తోచక పట్టిక పరీక్షగా చూసి, "ఇదిగో, అరవై మూడో గడిలో కొట్టివేత!" అన్నారు.

"అది బల్ల కిందికి దొర్లిపోయింది సార్. బొమ్మే అనుకొని రాసీసేను. వంగి చూస్తే బొరుసు. కొట్టీసి మళ్లీ రాసేను."

"కొట్టివేతకి రెండు మార్కులు కోత" అని, పద్దెనిమిది వేసి, సంతకం గీకి పంపించేశారు. ఆ పిల్ల రెండు మార్కులు పోయాయని మొహం చిన్నబుచ్చుకుని వెళ్లింది. ఏదో ఒక నియమాన్ని నిలబెట్టానన్న తృప్తి ఆయనకి మిగిలింది.

ప్రాక్టికల్ పరీక్షనాడు నరసింగరావు గారు స్వయంగా వచ్చి రికార్డులు తిరగేశారు. ఇరవై నలుగురు పిల్లలు. ఇరవై ముగ్గురికి యాభై. ఒక్కరికి యాభై ఏడు. భానుమూర్తి గారి పాఠం ప్రకారం ఇరవై నలుగురిలో ఏ ఇద్దరికో యాభై పడితే పడాలి. కాబట్టి ఆ గదిలో అనుమానించవలసిన వాళ్లు ఇరవై ముగ్గురున్నారు. నరసింగరావు గారు ఇరవై నాలుగో రికార్డు మీద వేలు పెట్టారు.

"ఇది మాల్‌ప్రాక్టీసు. ఏడు బొమ్మలు అక్రమముగా చొప్పించబడినవి. మూడు సంవత్సరములు డిబార్ చేయుటకు సిఫారసు చేయుచున్నాను. న్యాయము దృష్ట్యా ముందు విచారణ జరిపించెదము."

పైడితల్లి ఏడవలేదు. భానుమూర్తి గారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్టు వైపు చూశారు.

విచారణకి రెండు వారాలు గడువు. ఈలోగా మిగతా విద్యార్థులు ఇటువంటి నేరానికి దిగకుండా ప్రమాణాల విభాగం చర్యలు చేపట్టింది. మొదట ఆ పిల్ల వాడిన నాణేన్ని స్వాధీనం చేసుకుని, కవరులో పెట్టి లక్క ముద్ర వేశారు. భౌతికశాస్త్రం వాళ్లు దాన్ని తూచి, నాణెం నిర్దోషి అని నివేదిక ఇచ్చారు. అయితే గాలి దోషమై ఉండాలని, నాణెం ప్రయోగం జరిగే సమయంలో ఫ్యాన్లు ఆపాలని రెండో సర్క్యులర్ వచ్చింది. మే నెల. పిల్లలు చెమటలు కక్కుతూ ఎగరేశారు. అయినా ఒకడికి నలభై ఎనిమిది పడ్డాయి. ఎత్తు ఎక్కువైనకొద్దీ నాణేనికి స్వేచ్ఛ ఎక్కువవుతోందని గుర్తించి, జానెడుకి మించి ఎగరేయరాదని మూడో సర్క్యులర్ వచ్చింది. అప్పటికీ దారికి రాకపోయేసరికి నాలుగో సర్క్యులర్ అసలు మూలానికే వెళ్లింది.

"ఎగరవేయుట అను పదమునకు, నాణెమును క్రమశిక్షణతో బల్లపై ఉంచుట అని అర్థము చెప్పుకొనవలెను. బేసి పర్యాయములందు బొమ్మ పైకి, సరి పర్యాయములందు బొరుసు పైకి ఉండునట్లు విద్యార్థులు జాగ్రత్త వహించవలెను."

ఇరవై ముగ్గురూ నరసింగరావు గారి కళ్లెదుట నాణేలు పెట్టి చూపించారు. అందరికీ యాభై. ఆయన కళ్లు చెమర్చాయి. ఈ విధానాన్ని రాష్ట్రమంతా అమలు చెయ్యాలని నివేదిక రాయడానికి కూర్చున్నారు. ఆ నివేదికకి శాస్త్రీయమైన ముందుమాట రాసిచ్చిన మహానుభావుడెవరని అడుగుతారేమో. భానుమూర్తి గారే. ప్రమోషన్ ఫైలు ఇంకొక్క బల్ల దాటాలి.

ముందుమాట రాసినవాడికి నిద్ర పట్టాలి కదా. పట్టలేదు. కళ్లు మూసుకుంటే పైడితల్లి చూపు, తెరిస్తే పేపర్లో తన బొమ్మ. అప్పటికే వాళ్లావిడ దాన్ని అట్టకి అంటించి గోడకి తగిలించింది.

విచారణ రోజున నరసింగరావు గారు అధ్యక్షస్థానంలో, తలలూపడానికి ఇద్దరు సభ్యులు అటూ ఇటూ కూర్చున్నారు. పైడితల్లి నిలబడింది. భానుమూర్తి గారిని విషయ నిపుణులుగా పిలిచి, మెత్తని కుర్చీ వేశారు. సింహాచలం బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకున్నాడు.

"అమ్మాయీ, నూరింట యాభై ఏడు పడుట అసంభవమని నీకు తెలియదా?" అన్నారు అధ్యక్షులు.

"అసంభవం కాదండి. కావాలంటే తమరూ ఎగరేసి చూడండి" అంది పైడితల్లి.

సభ్యులిద్దరూ పొరపాటున తలలూపారు. ఊపిన తలలు మినిట్స్‌లోకి ఎక్కిపోయాయి. అధ్యక్షులకి ఎగరేయక తప్పలేదు. విచారణకి మాత్రం పాత పద్ధతే చెల్లుతుందని ఆయనే రూలింగ్ ఇచ్చి, లక్క ముద్ర విప్పించి, నాణెం తీసి, చొక్కా చేతులు మడిచి ఎగరేయడం మొదలుపెట్టారు. సింహాచలం బోర్డు మీద గీతలు గీశాడు. ముప్పావుగంట పట్టింది.

"నూరైపోయినాయి బాబూ. నలభై ఆరు బొమ్మలు, యాభై నాలుగు బొరుసులు" అన్నాడు సింహాచలం.

సర్క్యులర్ ప్రకారం నాలుగు బొమ్మలు మాయం చేసిన అక్రమార్కుడు అధ్యక్షస్థానంలోనే కూర్చుని ఉన్నాడు. భానుమూర్తి గారికి ఒక వెర్రి ఆశ పుట్టింది, ఇంక తాను నోరు విప్పక్కర్లేదేమోనని.

నరసింగరావు గారు మంచినీళ్లు తాగి, "ప్రయోగము ఇంకను ముగియలేదు" అన్నారు. మళ్లీ ఎగరేశారు. ఎగరేస్తూనే ఉన్నారు. భోజనాల వేళ దాటింది. నూట అరవై రెండోసారికి బొమ్మలు ఎనభై ఒకటి, బొరుసులు ఎనభై ఒకటి అయ్యాయి. వెంటనే నాణెం జేబులో వేసుకుని మినిట్స్ చెప్పారు.

"సమానత్వము సిద్ధించినది. నూరు అను సంఖ్యను విస్తృతార్థములో గ్రహించవలెను. అదనపు అరవై రెండు పర్యాయములు నూరులో అంతర్భాగములు."

"అలాగైతే నాకూ సమానం అయ్యేదాకా ఎగరెయ్యనివ్వండి సార్" అంది పైడితల్లి.

"ఆ వెసులుబాటు అధ్యక్షులకే పరిమితము. విద్యార్థికి నూరు అనగా నూరే" అన్నారు ఆయన. "ఇక ఆఖరి అంశము. భానుమూర్తి గారూ, తమ మూల రికార్డు ఆధారముగానే ఈ అమ్మాయిని డిబార్ చేయుచున్నాము. కావున ఈ ధ్రువపత్రముపై సంతకము చేయుడు."

కాగితం ముందుకి జరిగింది. టైపు చేసిన ఒకే ఒక్క వాక్యం. "నేను సదరు ప్రయోగమునందు నాణెమును స్వయముగా నూరు పర్యాయములు ఎగరవేసి యాభై బొమ్మలు పొందితినని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

భానుమూర్తి గారు పెన్ను టోపీ తీశారు. మళ్లీ పెట్టారు. మళ్లీ తీశారు. ఆయనకి ప్రమోషన్ ఫైలు గుర్తొచ్చింది, శాలువా గుర్తొచ్చింది. పైడితల్లి నోట్సులో తన మాట కింద గీసిన గీత కూడా గుర్తొచ్చింది. ఆ పిల్ల చేతిలో ఆసుపత్రి వాళ్ల ఉత్తరం నాలుగు మడతలు పడి ఉంది. ఆ పిల్ల నమ్మి చేసినదల్లా తాను చెప్పినదే. నమ్మకుండా చెప్పినవాడు మెత్తని కుర్చీలో ఉన్నాడు, నమ్మినది నిలబడి ఉంది.

"నేను ఎగరేయలేదండీ" అన్నారు.

"ఏమి ఎగరవేయలేదు?"

"నాణెం. ఒక్కసారి కూడా ఎగరేయలేదు. ఆ సాయంత్రం హాస్టల్లో కారంబోర్డు పోటీ ఉంది. నూరుసార్లు ఎగరేస్తూ కూర్చునే ఓపిక లేక, గడిలో బొమ్మ, గడిలో బొరుసు రాసుకుంటూ పోయాను. మరీ వరసగా ఉంటే పట్టుబడతానని అక్కడక్కడా కాస్త కలిపాను. మొత్తం సరిపోయేలా లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకున్నాను. దస్తూరీ బాగుందని పతకం ఇచ్చారు. నా తరవాత అందరూ నాది చూసే రాశారు. నాకు తెలిసీ ఇరవైకి ఇరవై వేశాను. ఈ విశ్వవిద్యాలయంలో నాణేన్ని నిజంగా ఎగరేసి రికార్డు రాసింది ఈ అమ్మాయే."

ఒక సభ్యుడు వేళ్లు లెక్కపెట్టుకుని, ఇరవై రెండేళ్లలో సుమారు అయిదువందల డిగ్రీలని గొణిగాడు. అయిదువందల డిగ్రీలు రద్దు చేస్తే గ్రేడు మాట దేవుడెరుగు, గేటు మూసుకోవాలి. అధ్యక్షులు కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుంటే న్యాయసూత్రం పుడుతుందని ఆ విభాగంలో అందరికీ తెలుసు. అయిదు నిమిషాలకి పుట్టింది.

"మూల రికార్డును చూచి యథాతథముగా వ్రాసిన విద్యార్థులు విధేయులు. వారిలో దోషమేమియు లేదు. కావున నకళ్లన్నియు సక్రమము. అసలు ఒక్కటే అక్రమము." సభ్యులిద్దరూ ఈసారి తెలిసే తలలూపారు. "భానుమూర్తి గారు ఇరవై రెండు సంవత్సరములుగా మొదటి ప్రయోగము బాకీ ఉన్న విద్యార్థిగా పరిగణింపబడుదురు. వారు దానిని పూర్తి చేయువరకు వారి పదోన్నతి ఫైలు నిలిపివేయడమైనది. పరీక్షకులుగా ఉండువారు సదరు ప్రయోగమునందు నాణెమును స్వయముగా ఎగరవేసి ఉత్తీర్ణులై ఉండవలెను. అటువంటివారి పేర్లు సూచించుడు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బోర్డు తుడుస్తున్న సింహాచలం వెనక్కి తిరిగాడు.

"నిజంగా ఎగరేసి రికార్డు రాసినోళ్లు ఈ అమ్మొక్కతే కద బాబూ. ఇంకెవులున్నారు?"

"ఆమె ఉత్తీర్ణురాలు కాదు గదా!"

"అయితే పాస్ సేసీండి బాబూ. నేకపోతే ఈ బాబు పరీచ్చ ఎవులు సేస్తారు? పైనుంచొచ్చినోళ్లు మూల రికార్డు సూపించమంటే ఏటి సూపిస్తారు?"

ఆ ప్రశ్నకి నరసింగరావు గారి దగ్గర సర్క్యులర్ లేదు. గడియారం వైపు చూసి, భోజనం చల్లారిపోతోందని గుర్తుచేసుకుని, మినిట్స్ చివర ఒక వాక్యం కలిపారు. "పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా కుమారి గొర్లె పైడితల్లిని ఉత్తీర్ణురాలిగా ప్రకటించడమైనది." ఆమె చేసింది ఒప్పని ఎక్కడా లేదు. ఉత్తీర్ణురాలని ఉంది. ఉద్యోగానికి అది చాలు.

నెలాఖరున ప్రయోగశాలలో భానుమూర్తి గారి పరీక్ష జరిగింది. పొడుగుబల్లకి అటువైపు పరీక్షకురాలి కుర్చీలో పైడితల్లి, ఇటువైపు స్టూలు మీద భానుమూర్తి గారు. కుర్చీలో కూర్చోవడానికి ఆ పిల్ల ఎంతో సంకోచించింది. సింహాచలమే బలవంతాన కూర్చోబెట్టాడు. మర్నాడే ఆమె ఆసుపత్రి ఉద్యోగంలో చేరాలి.

"మొదలెట్టండి సార్" అంది పైడితల్లి.

భానుమూర్తి గారు జేబులోంచి ఆ రూపాయి బిళ్ల తీశారు. ఇరవయ్యేళ్లుగా చూపించిన బిళ్లే. బొటనవేలు మీద పెట్టుకుంటే జారిపోయింది. ఎలా పెట్టాలో పైడితల్లి చూపించింది. రెండోసారి ఎగిరింది. గాల్లో గిర్రున తిరుగుతూ మెరిసింది. ఆ తిరగడం చూస్తూ ఆయన ఊపిరి బిగబట్టారు. ఏది పడుతుందో నిజంగానే తెలియలేదు. తాను ఏటా చెప్పే ఆ మాటకి ఇంత భయం, ఇంత సరదా ఉందని ఆయనకి ఆ వయసులో తెలిసింది.

వరసగా ఆరు బొరుసులు పడ్డాయి. "ఇదేమిటమ్మా, ఏదో తేడాగా ఉంది!" అన్నారు కంగారుగా.

"ఏటీ లేదు సార్. అలగే పడతాయి. మీరే చెప్పేరు" అంది ఆమె.

ముప్పై ఎనిమిదోది బల్ల కిందికి దొర్లిపోయింది. భానుమూర్తి గారు పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి, బూజు నెత్తికి రాసుకుంటూ వెతికి పట్టుకుని, కింద నుంచే "బొరుసు!" అని అరిచారు. సింహాచలం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. పైకి లేచేసరికి ఆయన కూడా నవ్వుతున్నారు.

నూరూ అయ్యాయి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. నలభై నాలుగు బొమ్మలు. రికార్డు తెరిచి, పట్టిక అడుగున మొత్తం అన్నచోట పెన్ను పెట్టారు. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి ఆయన్ని అడగకుండానే ముత్యాల్లాంటి దస్తూరీతో యాభై అని రాసేసింది.

"సార్" అంది పైడితల్లి మెల్లిగా. "నలభై నాలుగు."

భానుమూర్తి గారు తాను రాసిన యాభై మీద అడ్డంగా ఒక గీత గీశారు. జీవితంలో ఆయన రికార్డులో పడిన మొదటి కొట్టివేత అది. పక్కన నలభై నాలుగు అని రాసి, పుస్తకం ఆమె వైపు జరిపారు.

పైడితల్లి పట్టిక అంతా చూసింది, మొత్తం చూసింది. ఎర్ర పెన్ను తీసి పద్దెనిమిది వేసింది.

"రెండెందుకు తగ్గాయమ్మా?" అని అడిగారు భానుమూర్తి గారు, ఉండబట్టలేక.

"కొట్టివేత ఉంది కదా సార్" అని, ఆమె సంతకం పెట్టింది.